నాలుగు గంటల పది నిమిషాలకు వచ్చిన దరఖాస్తు

ప్రశ్న: నేను మూడేళ్లుగా దరఖాస్తులు స్వీకరించే కౌంటరులో పనిచేస్తున్నాను. గడువు చివరి రోజున సాయంత్రం 4 గంటల వరకే దరఖాస్తులు తీసుకోవాలన్నది మా నిబంధన. ఆ రోజు 4.10కి ఒక పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చి, మనవరాలి చదువుకు సాయం కోరుతూ నింపిన ఫారం నా చేతికిచ్చారు. దారిలో బస్సు చెడిపోయిందట. కాదనలేక తీసుకుని, రిజిస్టరులో 3.58 అని వేసి రసీదు ఇచ్చాను. గేటు దగ్గరి పుస్తకంలో ఆవిడ లోపలికి వచ్చిన సమయం 4.07 అని ఉండడంతో వారం తిరిగేసరికి విషయం బయటపడింది. పై అధికారి అందరి ముందు మందలించారు. ఆవిడకన్నా ఐదు నిమిషాల ముందు వచ్చి గద్దించి మాట్లాడిన ఒకాయనను, సమయం అయిపోయిందని పంపేశాను కూడా. మందలింపు తర్వాత ఎవరికీ ఏ సడలింపూ ఇవ్వడం లేదు. మొన్న నల్ల సిరాకు బదులు నీలం సిరాతో నింపిన ఫారాన్ని సైతం తిప్పి పంపాను. నేను మనిషినా, మరనా అనిపిస్తోంది. చిన్న నిబంధనలను దాటడం ఎప్పుడు సబబు? నా వివేకాన్ని నేను ఎంతవరకు నమ్మాలి?
— పేరు వెల్లడించవద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నా మనసంతా ఆ పెద్దావిడ మీదే ఉంది. రెండోసారి మాత్రం, మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ కోపిష్టి మనిషి దగ్గర ఆగిపోయాను. ఆయన సంగతికి కాస్త తర్వాత వస్తాను.

ముందుగా ఒక ముడి విప్పాలి. ఆ సాయంత్రం మీరు చేసినవి రెండు వేర్వేరు పనులు, కానీ మీరూ, మిమ్మల్ని మందలించిన అధికారీ వాటిని ఒకే పనిగా చూస్తున్నట్టు నాకు అనిపిస్తోంది. 4.10కి వచ్చిన దరఖాస్తును తీసుకోవడం ఒకటి, దాని ఎదురుగా 3.58 అని రాయడం మరొకటి. మొదటిది నిబంధనను దాటడం. రెండోది రిజిస్టరులో అబద్ధం రాయడం. మొదటిదాన్ని సమర్థించుకోవడానికి మీ దగ్గర కారణాలు ఉన్నాయి, వాటితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. రెండోదానికి భయం తప్ప మరో కారణం లేదు. మీరు 4.10 అనే వేసి, పక్కనున్న ఖాళీలో "బస్సు చెడిపోయినందున ఆలస్యంగా వచ్చారు, స్వీకరించాను" అని రాసి సంతకం పెట్టి ఉంటే, అధికారికి అప్పుడూ కోపం వచ్చి ఉండవచ్చు, ఆ దరఖాస్తును ఆయన తిరస్కరించి ఉండనూ వచ్చు. అయితే ఆ నిర్ణయం తీసుకునే అవకాశం ఆయనకు దక్కేది. 3.58 అని వేయడం వల్ల ఆ అవకాశం ఆయన చేతిలోంచి పోయింది. అంతకన్నా ఎక్కువగా నన్ను బాధించేది ఆ పెద్దావిడ చేతిలో ఉన్న రసీదు. అందులోని సమయం తప్పని ఆవిడకు తెలియదు, రేపు ఎవరైనా తగువు పెడితే ఆ తప్పుకు ముందుగా బలయ్యేది ఆవిడ దరఖాస్తే. మేలు చేయబోయి, ఆవిడకు తెలియకుండానే ఆవిడను మీ అబద్ధంలో భాగస్తురాలిని చేశారు.

నిబంధనల మీదే మనుషుల ప్రాణాలు ఆధారపడిన రంగాలు ఈ సంగతిని ఎప్పుడో గ్రహించాయి. అమెరికా విమానయాన నిబంధనల్లో, తక్షణం స్పందించాల్సిన అత్యవసర స్థితి గాలిలో ఎదురైతే, దాన్ని ఎదుర్కోవడానికి అవసరమైనంత మేరకు పైలట్ ఆ విభాగంలోని ఏ నిబంధననైనా పక్కన పెట్టవచ్చని స్పష్టంగా రాసి ఉంది. దాని కిందనే మరో వాక్యం ఉంది. అలా పక్కన పెట్టిన పైలట్, అధికారులు అడిగినప్పుడు, తాను ఏం చేసిందీ రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ రెండు వాక్యాలు పక్కపక్కనే ఉండడంలో ఎంతో అనుభవం దాగి ఉంది. మీరు నిబంధనను దాటవచ్చు, అయితే అవసరమైనంత మేరకే దాటాలి, దాటిన సంగతిని మీ చేతిరాతతో ఒప్పుకోవాలి. ఆ పెద్దావిడకు సాయం చేయడానికి అవసరమైనది కాగితం తీసుకోవడం మాత్రమే. గడియారాన్ని పన్నెండు నిమిషాలు వెనక్కి తిప్పడం ఆవిడకు అవసరం లేదు, అది మీకోసం మీరు చేసుకున్నది.

సముద్రం మీద నౌకలు ఢీకొనకుండా 1972లో రూపొందించిన అంతర్జాతీయ నిబంధనల్లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది, అది మీ ఇప్పటి స్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది. తక్షణ ప్రమాదాన్ని తప్పించుకోవాల్సి వస్తే ఈ నిబంధనలను దాటవలసి రావచ్చునని అందులోని రెండో నిబంధన ఒప్పుకుంటుంది. అదే నిబంధన అంతకుముందే, నావికులు మామూలుగా తీసుకోవాల్సిన జాగ్రత్తను ఎవరైనా విస్మరిస్తే ఈ నిబంధనల్లో ఏదీ వారిని కాపాడదని కూడా అంటుంది. అంటే పుస్తకంలో ఉన్నట్టే నడిచానన్నది దానంతట అదే రక్షణ కాదు. నిబంధనను దాటినందుకు జవాబు చెప్పాల్సినట్టే, గుడ్డిగా పాటించినందుకూ కొన్నిసార్లు జవాబు చెప్పాల్సి ఉంటుంది. నీలం సిరా ఫారాన్ని తిప్పి పంపినప్పుడు మీరు మర్చిపోయినది ఇదేనని నా అభిప్రాయం.

ఆ సిరా సంగతే చూద్దాం. నల్ల సిరాతోనే రాయాలన్న నియమం చాలా కార్యాలయాల్లో ఎందుకు వచ్చిందంటే, పాత నకలు యంత్రాలకు నీలం రంగు సరిగా అందేది కాదు, లేత నీలమైతే నకలులో దాదాపు మాయమైపోయేది. ఆ నియమం కాగితం మీద రాసినది నకలులో చదవడానికి వీలుగా ఉండాలన్నందుకే తప్ప నీలం రంగు మీద కోపంతో పుట్టినది కాదు. మీ కౌంటరు వెనకే నకలు యంత్రం ఉండి ఉంటుంది. ఆ ఫారాన్ని దాని మీద పెట్టి ఒక ప్రతి తీస్తే, అక్షరాలు స్పష్టంగా పడుతున్నాయో లేదో నిమిషంలో తేలిపోయేది. స్పష్టంగా పడితే ఆ నియమం కోరుకున్నది నెరవేరినట్టే. పడకపోతే నల్ల కలం ఆయన చేతికిచ్చి ఇంకో ఫారం నింపమనవచ్చు. ఏ నియమమైనా ఎందుకు పుట్టిందో తెలిసినప్పుడే దాన్ని దాటాలా వద్దా అన్న ప్రశ్న వేసుకునే అర్హత వస్తుంది. తెలియనప్పుడు, అది ఎంత అర్థం లేనిదిగా కనిపించినా, ముందుగా చేయాల్సినది ఎవరినైనా అడగడం. పాత ఉద్యోగులకు సాధారణంగా తెలిసి ఉంటుంది, వాళ్లు చెప్పే కథలు కూడా బాగుంటాయి.

ఇక మీరు అడిగిన రెండో ప్రశ్న, మీ వివేకాన్ని ఎంతవరకు నమ్మాలన్నది. వివేకం అంటే ఆ క్షణంలో మనసుకు తోచినది కాదు. 2009 జనవరి 15న న్యూయార్క్ నుంచి బయలుదేరిన ఒక విమానానికి పక్షుల గుంపు తగిలి, రెండు ఇంజిన్లూ శక్తిని కోల్పోవడంతో, దాన్ని హడ్సన్ నది మీద దించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు ఇంజిన్లూ ఆగిపోయినప్పుడు వరసగా చేయాల్సిన పనుల పట్టిక పైలట్ల దగ్గర ఉంది. అయితే అది 20,000 అడుగుల పైన ఎగురుతున్నప్పుడు, చేతిలో తగినంత సమయం ఉంటుందన్న లెక్కతో తయారైన పట్టిక, వాళ్లేమో 3,000 అడుగులకు లోపే ఉన్నారు. విమానానికి విద్యుత్తును అందించే సహాయక యంత్రాన్ని నడపడం ఆ వరసలో 11వది. కెప్టెన్ సలెన్‌బర్గర్ అంతవరకు ఆగకుండా దాన్ని మొదట్లోనే నడిపించారు, దానివల్ల కీలకమైన వ్యవస్థలు చివరిదాకా పనిచేశాయి. పక్షులు తగిలినప్పటి నుంచి నీటిని తాకేదాకా వాళ్లకు దొరికినది సుమారు 208 సెకన్లు. పట్టికను పూర్తి చేయడానికి ఆ సమయం చాలలేదు. విమానంలోని 155 మందీ బతికారు.

ఈ కథను మామూలుగా కెప్టెన్ తెగువ కథగా చెబుతారు. నాకు అంతకన్నా ఆసక్తిగా తోచేది పక్క సీటులోని సహ పైలట్ స్కైల్స్. వరసను ఒకరు దాటుతుండగా, ఆయన అదే పట్టికను పట్టుకుని ఒక్కొక్క అంశాన్నీ చేసుకుంటూ పోయారు. నియమం ఎక్కడ సరిపోవడం లేదో గుర్తించినది దాదాపు 20,000 గంటలు ఎగిరిన మనిషి. ఆయన కూడా పక్కన పెట్టినది ఆ ఒక్క అంశం వరసనే, పట్టిక మొత్తాన్ని కాదు. మీకు మూడేళ్ల అనుభవం ఉంది. అది తక్కువేమీ కాదు. ఏ దరఖాస్తు తర్వాత ఏ బల్ల మీదికి వెళుతుందో, ఏ తప్పును ఎక్కడ సరిదిద్దవచ్చో, ఏ తప్పును ఎక్కడా సరిదిద్దలేమో మీకు తెలిసినంత మేరకు మీ వివేకాన్ని నమ్మవచ్చు. తెలియని చోట అది వివేకం కాదు, ఊహ.

అయితే ఎంత అనుభవం ఉన్నా మన వివేకాన్ని నమ్మకూడని నియమాలు కొన్ని ఉన్నాయి, ఇది నేను సొంతంగా దెబ్బతిని నేర్చుకున్నాను. కొంతకాలం ఒక పత్రికలో ప్రూఫులు దిద్దాను. ప్రతి పేజీనీ ఇద్దరు చదివి, ఇద్దరూ అడుగున సంతకం చేశాకే అచ్చుకు పంపాలన్నది అక్కడి నియమం. ఒక రాత్రి నా సహోద్యోగి ముందే వెళ్లిపోయారు, పేజీ ఆలస్యమవుతోంది, నేనేమో దాన్ని అప్పటికే మూడుసార్లు చదివి ఉన్నాను. నాలుగోసారి ఇంకొకరు చదివితే కొత్తగా ఏం తేలుతుందనుకుని రెండో గీత మీద కూడా నేనే సంతకం పెట్టి పంపేశాను. పొద్దున పత్రిక తెరిస్తే పేజీ పైన, అన్నిటికన్నా పెద్ద అక్షరాల శీర్షికలో సంవత్సరం తప్పు పడి ఉంది. చిన్న అక్షరాల్లో కామాలను, పొల్లులను వెతుకుతూ పోయిన నా కళ్లకు చేతి మందాన ఉన్న ఆ అంకెలు మూడుసార్లూ కనిపించలేదు. రెండో సంతకం ఉన్నదే మొదటి సంతకం పెట్టినవాడికి తన మీద నమ్మకం ఎక్కువ కాబట్టి. శస్త్రచికిత్స ముగిశాక పరికరాలను, గుడ్డ ముక్కలను లెక్కపెట్టడం, మందు మోతాదును మరొకరితో సరిచూపించుకోవడం ఇలాంటివే. వీటి విషయంలో "నాకు తెలుసులే" అనిపించడమే నియమం అవసరమన్నదానికి గుర్తు. మీ కార్యాలయంలోనూ డబ్బు లెక్కలు, సంతకాల పరిశీలన, ఇతరుల వ్యక్తిగత వివరాల గోప్యత వంటివి ఈ కోవలోకే వస్తాయి. అక్కడ ఎవరు ఏడ్చినా, ఎవరు బతిమాలినా నిబంధన పక్షానే ఉండండి. 4 గంటల గడువు, సిరా రంగు, ఫారంలో గడుల వరస, ఇవన్నీ పని సజావుగా సాగడానికి పెట్టుకున్న ఏర్పాట్లు. వీటిని దాటితే కలిగే నష్టాన్ని చాలావరకు మర్నాడు సరిదిద్దవచ్చు.

చాలావరకు అని ఎందుకన్నానంటే, గడువు విషయంలో మీరు నాకు చెప్పని వివరం ఒకటి ఉంది. ఆ చదువు సాయం అర్హులందరికీ అందుతుందా, లేక ఇంతమందికే అన్న పరిమితి ఉందా? అందరికీ అందేదైతే, పది నిమిషాల ఆలస్యాన్ని మన్నించడం వల్ల ఎవరికీ నష్టం లేదు. పరిమితి ఉంటే మాత్రం, ఆ పెద్దావిడ మనవరాలు జాబితాలోకి వస్తే చివరన ఉన్న ఇంకో పిల్ల జాబితాలోంచి జారిపోతుంది. ఆ పిల్ల తరఫువాళ్లు సమయానికే వచ్చి, ఎవరినీ బతిమాలకుండా కాగితం ఇచ్చి వెళ్లిపోయి ఉంటారు. మన దయ ఎప్పుడూ కళ్లెదుట నిలబడ్డవాళ్ల వైపే మొగ్గుతుంది. కళ్లెదుట లేనివాళ్ల తరఫున మాట్లాడేది సాధారణంగా నిబంధన ఒక్కటే, అందుకే దాన్ని దాటే ముందు ఈ లెక్క ఎవరి ఖాతాలోకి పోతుందో చూసుకోవాలి. మీ శ్రమనో, మీకు పడే చీవాట్లనో పణంగా పెట్టి నిబంధనను దాటితే అది మీ ఇష్టం. ఇంకొకరి వంతును పణంగా పెట్టే హక్కు కౌంటరు వెనక కూర్చున్నవారికి లేదు.

ఇప్పుడు 4.05కి వచ్చిన ఆయన. మీ ఉత్తరంలో అన్నిటికన్నా కష్టమైన వాక్యం అదే, దాన్ని దాచకుండా రాసినందుకు మీ మీద నాకు గౌరవం పెరిగింది. ఆయన ఐదు నిమిషాలు ఆలస్యం, ఆవిడ పది నిమిషాలు. ఆయనను పంపేయడానికీ, ఆవిడను ఆదరించడానికీ మధ్య ఉన్న తేడా నిబంధనలో లేదు, అవసరంలో ఉందో లేదో మీకు తెలియదు, ఉన్నదల్లా మాట తీరులోనే. ఆయన బస్సు కూడా చెడిపోయి ఉండవచ్చు. భయపడ్డప్పుడు కొందరు కళ్లనీళ్లు పెట్టుకుంటారు, కొందరు గొంతు పెంచుతారు. మన వివేకం అనుకునేది చాలాసార్లు మనకు నచ్చిన మనిషి పట్ల మెతకదనం, నచ్చని మనిషి పట్ల నిబంధన. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే: సడలింపు ఇచ్చే ముందు, ఇదే కారణంతో నాకు ఏమాత్రం గిట్టని మనిషి వచ్చి ఉంటే ఇచ్చేదాన్నా అని ప్రశ్నించుకోవడం. ఇవ్వనని తేలితే, ఇద్దరికీ ఇవ్వండి, లేదా ఇద్దరికీ మానండి.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఈ సందర్భంలో ఒక ఉపమానం వాడాడు. లెస్బాస్ ద్వీపంలోని తాపీవాళ్లు సీసంతో చేసిన కొలబద్దను వాడేవారట. గట్టి కొలబద్ద ఎగుడుదిగుడు రాయి మీద నిలవదు, సీసపుదైతే రాయి ఆకారానికి తగ్గట్టు వంగుతుంది. చట్టం అందరికీ కలిపి ఒకే మాట చెప్పక తప్పదు కాబట్టి, అది ముందుగా ఊహించలేకపోయిన సందర్భంలో, చట్టం చేసినవాడే అక్కడ ఉంటే ఏమనేవాడో అలా సరిదిద్దుకోవాలని ఆయన వాదన. నాకు ఆ ఉపమానంలో నచ్చేది, కొలబద్ద వంగేది రాయిని బట్టి. కొలిచేవాడికి ఆ రాయి మీదున్న ఇష్టాన్ని బట్టి కాదు.

సడలింపు అలవాటుగా మారడం గురించి ఒక మాట. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పైకెగిరిన 73 సెకన్లకు విచ్ఛిన్నమై ఏడుగురు చనిపోయారు. బూస్టర్ల అతుకుల్లోని రబ్బరు వలయాలు దెబ్బతినకూడదన్నది మొదట అనుకున్న నియమం. 1981 నుంచి కొన్ని ప్రయాణాల తర్వాత వాటి మీద కాలిన గుర్తులు కనిపిస్తూనే ఉన్నాయి, కానీ నౌక క్షేమంగా తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ మాత్రం నష్టం ఫరవాలేదన్న అభిప్రాయం బలపడుతూ వచ్చింది. ఆ ఉదంతాన్ని ఏళ్ల తరబడి పరిశోధించిన సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్, అక్కడ ఎవరూ బరితెగించి నిబంధనలను ఉల్లంఘించలేదని, దారి తప్పడమే నెమ్మదిగా దారిగా మారిపోయిందని తేల్చారు. మీ కౌంటరులో ప్రాణాలు పోవు, నిజమే. అయినా నెలకు మూడుసార్లు ఒకే కారణంతో సడలింపు ఇవ్వాల్సి వస్తోందంటే, ఇక అది మీ వివేకానికి సంబంధించిన విషయం కాదు, మార్చాల్సిన నిబంధన. దాన్ని మీలో మీరు సర్దుకుంటూ పోతే అది ఎన్నటికీ మారదు, ఎందుకంటే అది పనిచేయడం లేదన్న సంగతి పైవాళ్లకు తెలియదు.

అలాగని ఇప్పుడు మీరు పట్టుకున్న పట్టుదలను నేను క్రమశిక్షణ అనలేను. అది మనసుకు తగిలిన గాయం. యాజమాన్యంతో పేచీ వచ్చినప్పుడు ఉద్యోగులు వర్క్ టు రూల్ అని ప్రకటించి, ప్రతి నిబంధననూ తూచా తప్పకుండా పాటించడం మొదలుపెడితే, సమ్మె చేయకుండానే పని మందగిస్తుంది. రోజూ నిబంధనల సందుల్ని పూడ్చుతున్నది మనుషుల ఇంగితమేనని దానివల్లే బయటపడుతుంది. మీరు మీకు తెలియకుండానే ఒంటరిగా ఆ సమ్మె చేస్తున్నారు. అందులో ఇబ్బంది పడుతున్నది మిమ్మల్ని మందలించిన అధికారి కాదు, నీలం కలంతో వచ్చిన అమాయకుడు.

రేపు మీరు చేయగల పనులు చెబుతాను. రిజిస్టరు తెరిచి ఆ 3.58 మీద, కింది అంకెలు కనిపించేలా ఒకే ఒక గీత గీసి, పక్కన 4.10 అని రాసి, దిద్దిన తేదీ వేసి సంతకం పెట్టండి. అయితే ఆ పని అధికారికి ముందుగా చెప్పి, ఆయన ఎదుటే చేయండి. ఈ దశలో మీరొక్కరే దిద్దితే అది ఇంకో దొంగతనంలా కనిపిస్తుంది. ఆవిడ రసీదు గురించి కూడా అడగండి, మార్చాల్సి వస్తే ఆవిడను పిలిపించే బాధ్యత మీరే తీసుకోండి. అప్పుడే, గడువు దాటి వచ్చినవాటిని నిజమైన సమయంతో, కారణంతో విడిగా నమోదు చేసి, ఆయన నిర్ణయానికి పంపేలా ఒక వరస ఏర్పాటు చేయమని రాతపూర్వకంగా కోరండి. ఒప్పుకుంటే 4.05 ఆయనకూ, 4.10 ఆవిడకూ ఒకే వరసలో చోటు దొరుకుతుంది. ఒప్పుకోకపోతే ఆ మాటా రాసివ్వమనండి. అప్పుడు మీకు 4 గంటలంటే 4 గంటలే. అయినా ఆలస్యంగా వచ్చినవారికి, ఎవరికి అర్జీ పెట్టుకోవచ్చో, తదుపరి గడువు ఎప్పుడో ఒక చీటీ మీద రాసివ్వవచ్చు. దాన్ని వద్దనే నిబంధన మీ పుస్తకంలో ఉంటుందని నేననుకోను.